బుధవారపు విశ్రాంతి దినం

మా ఇంట్లో వారానికి రెండు ఆదివారాలుండేవి. ఒకటి ఊరందరిదీ, రెండోది మా నాన్నది. నాన్న ఆదివారం బుధవారం నాడు వచ్చేది.

నాన్న బెంగాల్లో సంత్రాగాఛి రైల్వే యార్డులో పాయింట్స్‌మన్. బోగీలని ఒక లైను మీంచి ఇంకో లైను మీదకి మళ్ళించడం, ఇంజనుకి తగిలించడం, విడదీయడం ఆయన పని. రైళ్ళకి ఆదివారమంటూ ఉండదు కాబట్టి యార్డులో వాళ్ళకి వారంలో ఏదో ఒక రోజు రెస్టు ఇస్తారు. ఎవరిది ఏ రోజో రోస్టరులో రాసి ఆఫీసు గోడకి అంటిస్తారు. నాన్నకి బుధవారం పడింది. పడిందనే మేమంతా అనుకున్నాం.

ఆ బుధవారాన్ని నాన్న ఆషామాషీగా తీసుకునేవాడు కాదు. పొద్దున్నే తలంటుకుని, తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇంట్లో పొయ్యి వెలిగించనిచ్చేవాడు కాదు. దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు ఆగాడు గానీ ఆ ఏడు ఎక్కణ్ణించి లెక్కపెట్టాలో ఎవరికీ చెప్పలేదు, నేను నా డ్యూటీ మొదలైన రోజు నుంచి లెక్కపెట్టుకుంటున్నాను అని వాదించేవాడు. మంగళవారం సాయంత్రమే అమ్మ అన్నమూ పులుసూ వండి మూతపెట్టేది. బుధవారం నేను చల్లన్నం తిని బడికి పోయేదాన్ని. సాయంత్రం చాప పరిచి, పాటల పుస్తకం తెరిచి నాన్న ఆరాధన చేయించేవాడు. ఆయన గొంతు ఏమంత బాగుండేది కాదు. పాట మధ్యలో రైలు కూత వస్తే ఆపి, కూత అయిపోయాక ఆపిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకునేవాడు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ పుస్తకం మీదే. బడిలో బెంగాలీ, హిందీ తప్ప తెలుగు ఎక్కడిది?

అమ్మది మాత్రం అసలు ఆదివారం. మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి, హుగ్లీ మీద కొత్త వంతెన దాటి, వాట్‌గంజ్‌లో గుడికి వెళ్ళేది. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. మా గుడి అనుకోవడమే గానీ ఆ కట్టడం బెంగాలీ సంఘం వాళ్ళది. పొద్దున్న వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మాకు ఇచ్చేవారు. పోర్టులో బరువులు మోసినవాళ్ళు, కార్పొరేషన్‌లో వీధులూడ్చేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరూ తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి పడ్డవాళ్ళు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. కిటికీ పక్క బెంచీలో చివరి చోటు అమ్మది.

ఆదివారం నాన్నకి డ్యూటీ గనక క్యారేజీ కట్టాలి, పొయ్యి తప్పదు. బుధవారం పొయ్యి ముట్టకూడదు గనక ముందురోజు చాకిరీ రెండింతలు. రెండు విశ్రాంతి దినాలున్న ఇంట్లో అమ్మకి ఒక్కటీ దక్కలేదు. ఈ సంగతి నాన్నకి ఎన్నడూ తట్టలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం అదొక్కటే. మగవాళ్ళ భక్తి ఎంత గొప్పదైనా దానికి వంట చేసిపెట్టేది వేరేవాళ్ళు.

చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరమ్మ దేవుడు విశ్రాంతి తీసుకున్న రోజు ఏదని అడిగింది. అందరికన్నా ముందు చెయ్యెత్తి బుధవారం అన్నాను. గది గదంతా నవ్వింది. ఆ మాట పెద్దల ఆరాధన దాకా పాకింది. అమ్మ ముఖం మాడిపోయింది. ఇంటికెళ్ళి నాన్నకి చెబితే ఆయన తెగ మురిసిపోయి నాకు జిలేబీలు కొనిపెట్టాడు. అమ్మ ఆ జిలేబీ ముట్టుకోలేదు.

అమ్మకి కావలసింది ఒక్కటే, నాన్న ఆదివారం నాడు గుడికి రావాలి. అది ఊరికే ముచ్చట కాదు. మా సంఘంలో సంస్కారం ఇచ్చే ఆదివారం నాడు ఒక పద్ధతి ఉంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి మొదట భార్యాభర్తలు జంటలుగా బల్ల దగ్గరకి వెళ్ళి పక్కపక్కన మోకరిస్తారు. తర్వాత పెళ్ళికాని వాళ్ళు. అందరికన్నా చివర విధవరాళ్ళు. నాన్న రాడు గనక అమ్మ ఆ చివరి వరసలో నిలబడేది. మొగుడు బతికే ఉన్నా, నుదుట బొట్టు పెట్టుకోని మా క్రైస్తవుల్లో ఆమెని ఆ వరసలో చూస్తే కొత్తవాళ్ళు విధవరాలనే అనుకునేవారు. ఒకావిడ నిజంగానే ఆయన పోయి ఎన్నాళ్ళయిందమ్మా అని అడిగింది.

ఆరాధన చివర పాస్టరుగారు ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగేవారు. మా వాళ్ళు పాస్టరుని అయ్యగారు అంటారు. ఒకరికి జబ్బు, ఒకరి కొడుక్కి ఉద్యోగం. అమ్మ లేచి ప్రతివారం ఒకే మాట చెప్పేది.

“మా ఇంటాయనకి ఆదోరం రెస్టు రావాల. ప్రార్థన సెయ్యండి.”

అందరూ కళ్ళు మూసుకునేవారు. నిజాయితీగానే మూసుకునేవారు, అందులో అనుమానం లేదు. నేను చిన్నపిల్లని, పెద్దదాన్నయ్యాను, పెళ్ళయి ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను, ఆ మనవి మారలేదు. అమ్మ లేచి నిలబడగానే కుర్రకారు పెదవులు ముందే కదిపేవారు. రైల్వే వాళ్ళ గుండె రాయి అని ముసలమ్మలు తిట్టుకునేవారు.

అప్పటిదాకా నాన్నని నేను గుడిలో చూసింది ఒక్కసారే, అది కూడా బుధవారం రెస్టు మొదలవకముందు. ఈస్టరు రోజు నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా మాతో వచ్చాడు. ప్రసంగం సగంలో బెంచీ మీదే నిద్రపోయి గురక పెట్టాడు. అప్పటి పాస్టరుగారు మాటకారి. ప్రభువు ప్రార్థిస్తుంటే గెత్సేమనే తోటలో నిద్రపోయిన శిష్యులందరూ చచ్చిపోలేదు, ఒకాయన మన మధ్యనే ఉన్నాడు అన్నారు. గుడంతా గొల్లున నవ్వింది. నాన్న లేచి, ముఖం తుడుచుకుని, తనూ కాస్త నవ్వాడు. ఇంటికి వచ్చాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకి కొత్త రోస్టరు వచ్చిందనీ, ఇకమీదట తన రెస్టు బుధవారమనీ చెప్పాడు.

నాన్న రిటైరైన రోజు యార్డు ఆఫీసు గదిలో చిన్న సభ పెట్టారు. సమోసాలు, సందేశ్ మిఠాయిలు, బంతిపూల దండ. అమ్మ బీరువాలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఆమె సంతోషం నాన్న రిటైరవుతున్నందుకు కాదు, వచ్చే ఆదివారం కోసం. దారి పొడుగునా నాతో అదే మాట. నాన్నకి ఏ చొక్కా వేయాలి, ఏ బస్సుకి బయల్దేరాలి, కుడివైపు ఏ బెంచీలో కూర్చుంటే తనకి కనిపిస్తాడు.

నాన్నతో పనిచేసిన బెంగాలీ అతను ఒకడు లేచి మాట్లాడాడు. మంచివాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాన్నని అన్న వరసన దాదా అంటూ, దాదా లాంటి మనిషి ఉండడని, సీనియారిటీ ప్రకారం ఆదివారం రెస్టు దాదాకే రావాలని, రోస్టరు వేసిన ప్రతిసారీ ఆఫీసు బాబు ముందు దాదానే అడిగేవాడని, దాదా మాత్రం నాకు బుధవారం చాలు, ఆదివారం వాడికివ్వండి అని తనని చూపించేవాడని చెప్పాడు. తన పిల్లలు ఆదివారం నాన్నని చూస్తూ పెరిగారంటే అది దాదా పుణ్యమేనన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, వదినని పిలిచినట్టు బౌదీ అని పిలిచి, మీరు కూడా మాకోసం త్యాగం చేశారు అని చేతులు జోడించాడు.

అమ్మకి బెంగాలీ నాకన్నా బాగా వచ్చు. ఒక్క మాట కూడా పోలేదు. చేతిలో ఉన్న సందేశ్ కాగితం పళ్ళెంలో పెట్టేసి, అతనికి తిరిగి దండం పెట్టింది.

ఇంటికి వచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అమ్మ “నిజవేనా?” అంది. నాన్న “నిజవే” అన్నాడు. ఎందుకని అమ్మ అడగలేదు. నాన్న చెప్పలేదు. నేను ఇద్దరి మధ్యా నిలబడి, నాన్న మెళ్ళో దండ ఎవరైనా తీస్తే బాగుండుననుకున్నాను.

ఆదివారం వచ్చింది. నాన్న అందరికన్నా ముందు తయారై కుర్చీలో కూర్చున్నాడు. నేను ఏక్‌బాల్‌పూర్ నుంచి వాళ్ళని తీసుకెళ్ళడానికే వచ్చాను. అమ్మ కొంగు సర్దుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని, ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“నువ్వు రాకు,” అంది. “నీకు బుధోరం ఉంది గదా.”

నాన్న లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఈ రోజు కోసమే మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి, తీరా వచ్చాక తలుపు వేసేసింది. నేను ఆమె వెనకే నడిచాను.

గుడిలో అందరికీ తెలుసు, నాన్న రిటైరయ్యాడని. అమ్మ సాక్ష్యం చెబుతుందని ఎదురుచూస్తున్నారు. జవాబు వచ్చిన ప్రార్థనకి స్తుతి చెల్లించడం మా వాళ్ళ ఆనవాయితీ. అమ్మ లేచి, మా ఇంటాయన రిటైరైపోయినారు అని మాత్రం చెప్పి కూర్చుంది. అంతా చప్పట్లు కొట్టారు, స్తుతి పాట అందుకున్నారు. పాట అయ్యాక కొత్త పాస్టరుగారు నవ్వుతూ, మరి ఆయనేరమ్మా అని అడిగారు.

అమ్మ కూర్చున్నచోట నుంచే “ఒంట్లో బాగునేదు బాబూ” అంది.

అమ్మ అబద్ధమాడటం నేను వినడం అదే మొదటిసారి. అదీ గుడిలో. పక్కన కూర్చున్న నాకు ఆమె వేళ్ళు కొంగుని నలుపుతుండటం కనిపిస్తూనే ఉంది. ఆ వారం అందరూ నాన్న ఆరోగ్యం కోసం ప్రార్థించారు.

అప్పటి నుంచి ఆదివారాలు ఒకలాగే నడిచాయి. రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసి స్టేషనుకి దగ్గరలోనే అద్దెకి దిగారు. అమ్మ బస్సుస్టాపుకి బయల్దేరితే నాన్న నాలుగడుగులు వెనక నడిచేవాడు. ఆమె బస్సెక్కేదాకా నిలబడి, బస్సు కదిలాక ఇంటికి పోయేవాడు. సాయంత్రం మళ్ళీ అక్కడే నిలబడి ఉండేవాడు. ఇంట్లో మాటలు లేవని కాదు. కూరలో ఉప్పు, కరెంటు బిల్లు, నా పిల్లల జ్వరాలు, అన్నీ మాట్లాడుకునేవారు. ఆ ఒక్కటీ తప్ప. బుధవారం సాయంత్రాలు నాన్న చాప పరుచుకుని ఒక్కడే పాడుకునేవాడు. అమ్మ వంటింట్లో పొయ్యి వెలిగించుకునేది.

తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి తెల్లచీర కట్టమనేది. కట్టించుకుని కిటికీ వైపు చూస్తూ పడుకునేది. నాన్న మంచం పక్కకి వచ్చి, టాక్సీ పిలుస్తాను, నేను ఎత్తుకుని కూర్చోబెడతాను, ఇద్దరం వెళ్దామని బతిమాలేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. ఒకరోజు నాకు విసుగొచ్చింది. ఇంత పంతమేమిటమ్మా, ఆయన్ని క్షమించలేవా అని అడిగేశాను. అమ్మ ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

“కోపం నేదే. గుడి గుడంతటి సేతా అబద్ధం ప్రార్థన సేయించినాను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని ఈయన్ని తీసుకెల్లి అక్కడ కూకోబెట్టేది?”

ఆ సాయంత్రమే నాన్నని వరండాలోకి పిలిచి అడిగాను, ఎందుకు చేశావని. ఆయన గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

“గుడిలో నిద్దరోయిననాడు నవ్వినారు గదమ్మా. ఆ నవ్వు సెవుల్లోంచి పోనేదు. నైట్ డ్యూటీ సేసినోడికి కూకుంటే నిద్దరాగదు. మల్లీ అలగే అవుతాదేటో అని బయవేసింది.”

ఈ మాట అమ్మకెందుకు చెప్పలేదని అడిగాను. చెబుదామనుకునేసరికే అమ్మ గుడిలో మనవి పెట్టేసిందన్నాడు. అంతమంది కళ్ళు మూసుకుని తనకోసం ప్రార్థిస్తుంటే, వద్దన్నది నేనేనని ఎలా చెప్పడమన్నాడు. ఒక వారం పోతే ఇంకో వారం మరీ కష్టమైపోయిందట. నాకు ఆయన మీద జాలీ కలిగింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. ఒక మాటకారి పాస్టరు విసిరిన హాస్యానికి మా ఇంటి ఆదివారాలన్నీ పోయాయి. ఆ పాస్టరుగారు ఎప్పుడో చనిపోయారు. బతికుంటే వెళ్ళి అడిగేదాన్నే.

మంచాన పడ్డవాళ్ళకి సంస్కారం ఇంటికే తెచ్చి ఇస్తారు. పాస్టరుగారికి ఆదివారాలు తీరిక ఉండదు. ఫోన్ చేసి బుధవారం వస్తానన్నారు. వచ్చేసరికి నాన్న ఎప్పటిలాగే తెల్లబట్టల్లో ఉన్నాడు. పాస్టరుగారు మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె ముక్కలూ చిన్న గిన్నెలో ద్రాక్షరసమూ పెట్టారు. మీరు కూడా తీసుకుంటారా అని నాన్నని అడిగారు. నాన్న గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. ఆ రొట్టె ముట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

అమ్మ బాగున్న చేత్తో మంచం పట్టీ మీద రెండుసార్లు తట్టింది. నాన్న వచ్చి, అక్కడ నేల మీద మోకరించాడు. ఇద్దరూ తీసుకున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ బయట షంటింగ్ జరుగుతోంది, బోగీలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. నేను ఏడ్చాను.

పాస్టరుగారు వెళ్ళిపోయాక అమ్మ పెదవి ముడుచుకుని, నా వైపు తిరిగి “ఇది బుధోరం” అంది. అది ఫిర్యాదో వేళాకోళమో నాకు తెలియలేదు. అడగాల్సింది, అడగలేదు.

ఆ చలికాలంలోనే, సంత్రాగాఛి చెరువులో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగిన రోజుల్లో, అమ్మ వెళ్ళిపోయింది. గుడివాళ్ళంతా వచ్చారు, పాటలు పాడారు, మంచి మనిషని చెప్పారు. అందరూ నాన్నని ఓదార్చారు గానీ ఆయన ఎలాంటి మనిషో, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో చాలామందికి తెలియదు.

తర్వాతి సంస్కారపు ఆదివారం నేను వెళ్ళేసరికి నాన్న బస్సుస్టాపులో నిలబడి ఉన్నాడు. చేతిలో అమ్మ బైబిలు సంచీ. బస్సు వంతెన ఎక్కినప్పుడు నది వైపు కూడా చూడలేదు. గుడి మెట్ల మీద ఒక ముసలావిడ ఆయన్ని గుర్తుపట్టింది. అమ్మకి ఎంతో దగ్గరి స్నేహితురాలు, అమ్మ మనవికి అందరికన్నా గట్టిగా ఆమేన్ అనేది ఆవిడే. నాన్న రెండు చేతులూ పట్టుకుని, చూడు నాయనా, ఆవిడ ప్రార్థన ఇన్నాళ్ళకి దేవుడు విన్నాడు అంది.

నాన్న ఆ చేతులు విడిపించుకోలేదు.

“దేవుడు ఎప్పుడో విన్నాడమ్మా,” అన్నాడు. “రైలోల్లూ విన్నారు. నానే రానేదు.”

ఆవిడకి అర్థమయిందో లేదో. చేతులు వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న కుడివైపు వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. బెంచీల్లో బోలెడు చోటుంది. మా సంఘంలో ఇప్పుడు వచ్చేవాళ్ళే తక్కువ, పిల్లలు తెలుగు చదవలేక సెల్‌ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో పాటలు చూసుకుంటారు. ప్రసంగం మొదలయ్యాక కూడా ఆయన కూర్చోలేదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని, మోకాళ్ళు నొప్పి కదా, కూర్చో నాన్నా అన్నాను.

“కూకుంటే నిద్దరొచ్చెస్తాది,” అన్నాడు.

నైట్ డ్యూటీలు మానేసి ఎన్నేళ్ళో అయింది. నేను వచ్చి అమ్మ బెంచీలో కూర్చున్నాను. ప్రసంగం అయ్యేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు.

సంస్కారానికి జంటలు లేచి వెళ్ళాయి. తర్వాత పెళ్ళికాని వాళ్ళు వెళ్ళారు. మగవాళ్ళలో భార్య పోయినవాళ్ళు ఆ జంటల వెనకే వెళ్ళిపోవడం మా దగ్గర మామూలు, వాళ్ళకి వేరే వరసంటూ లేదు. పాస్టరుగారు నాన్నని రమ్మని చెయ్యి ఊపారు. నాన్న కదల్లేదు. చిట్టచివర విధవరాళ్ళు లేచినప్పుడు ఆయన స్తంభం వదిలి, నడవ దాటి, ఎడమవైపుకి వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాడు. తెల్లచీరల వెనక తెల్లచొక్కా. ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు ఒక్క క్షణం చూసి, పళ్ళెం అందుకున్నారు.

ఇప్పటికీ ప్రతిసారీ అంతే. ప్రసంగమంతా నిలబడతాడు, చివరి వరసలో వెళతాడు. బుధవారం మాత్రం ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తన అన్నం తానే వండుకుంటాడు.